సవరణ: నెబ్రాస్కా 2021 ఓటములు

నెబ్రాస్కా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 2021 సీజన్ గురించి నిన్నటి పోస్టులో "9 ఓటములూ ఒక్క టచ్‌డౌన్ తేడాలోపే" అని ఉంది, దాన్ని "9 ఓటముల్లో 8" అని చదవండి. ఒహైయో స్టేట్ చేతిలో 26-17, అంటే తేడా 9, టచ్‌డౌన్‌కి (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటిస్తే వచ్చే 6 పాయింట్లు) అదనపు పాయింట్లు కలిపినా 8 దాటదు.

మిగతా లెక్క మారదు. 3 గెలిచి 9 ఓడినా సీజన్ మొత్తంలో ప్రత్యర్థుల కంటే 63 పాయింట్లు ఎక్కువే కొట్టారు. చెత్త టీం అనేవాళ్లు మిషిగన్ స్టేట్ మ్యాచ్ చూడండి, నాలుగో క్వార్టర్‌లో 20-13తో ముందుండగా పంట్ (బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి వదిలేయడం) కోసం నెబ్రాస్కా వాళ్లంతా ఒకవైపు పరిగెత్తితే బంతి ఇంకోవైపు పడింది, మిషిగన్ స్టేట్ ఆటగాడు జేడెన్ రీడ్ దాన్ని అందుకుని 62 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ లాగించేశాడు, స్కోరు సమమైంది, ఓవర్‌టైంలో 23-20తో మ్యాచ్ పోయింది. ఆట వచ్చిన జట్టే అది, కొంప ముంచింది ఇలాంటి కిక్కులే.