ఇంకెన్నిసార్లు మాట తప్పుతారు?

లండన్ హీత్రో విమానాశ్రయంలో మూడో రన్‌వేకు యాజమాన్యం ఇచ్చిన ప్లానునే బ్రిటన్ ప్రభుత్వం 2025 నవంబరులో ప్రాతిపదికగా ఎంచుకుంది. అది కట్టాలంటే లండన్ పశ్చిమ శివార్లలోని హార్మండ్స్‌వర్త్, లాంగ్‌ఫర్డ్ ఊళ్లలో సుమారు 750 ఇళ్లు కూల్చాలి. మార్కెట్ ధర మీద పావు వంతు ఎక్కువిస్తామంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

హీత్రో అనేది ఒకప్పుడు హార్మండ్స్‌వర్త్ పరిధిలోని పల్లె. సైనిక విమానాలకు స్థలం కావాలని 1944లో దాన్ని ఖాళీ చేయించారు. యుద్ధం సాకేనని, అసలు గురి పౌర విమానాశ్రయమేనని అప్పటి సహాయమంత్రి హెరాల్డ్ బాల్ఫర్ తర్వాత తన జ్ఞాపకాల్లో తీరిగ్గా ఒప్పుకున్నారు. మూడో రన్‌వే ఉండనే ఉండదని 2009లో అప్పటి ప్రతిపక్ష కన్సర్వేటివ్ నేత డేవిడ్ కామెరాన్ ఘంటాపథంగా చెప్పారు. ఆయన పార్టీ ప్రభుత్వమే 2018లో పార్లమెంటులో దాన్ని నెగ్గించింది. ఆ రోజు వ్యతిరేకంగా ఓటేసిన కియర్ స్టార్మర్ ప్రధాని అయ్యాక, ఆయన ఆర్థికమంత్రే పచ్చజెండా ఊపారు. ప్రతిపక్షంలో ఒక మాట, కుర్చీ ఎక్కాక ఇంకో మాట!

ఉన్న రెండు రన్‌వేలూ కిక్కిరిసిపోయాయన్నది నిజమే. శంషాబాద్‌లో లండన్ విమానం ఎక్కే మనవాళ్లకూ ఆ సంగతి తెలుసు. అంతమాత్రాన మాట తప్పడం ఒప్పయిపోదు.

హార్మండ్స్‌వర్త్ 1086లో ఇంగ్లండ్ రాజు తీయించిన డోమ్స్‌డే భూముల లెక్కల్లోకెక్కిన ఊరు. సెయింట్ మేరీ చర్చి దగ్గర్లోనే 1426-27లో కట్టిన ధాన్యపు కొట్టం ఉంది. పొడవు 58 మీటర్లు. రాతి దిమ్మల మీద నిలిపిన ఓక్ స్తంభాలు దాదాపు 600 ఏళ్లుగా ఆ కప్పును మోస్తున్నాయి. కొట్టం, చర్చి కూల్చివేత ప్లాను గీతకు అవతలే ఉన్నాయి కదా అని అధికారులు ఊరడిస్తున్నారు. చుట్టూ ఇళ్లు లేకపోతే ఆదివారం ఆ చర్చికి ఎవరొస్తారు?

2003లో ప్రభుత్వం మూడో రన్‌వేకు సై అన్నప్పటి నుంచీ ఊరంతా టెన్షనే. ఇల్లు అమ్ముదామంటే కొనేవాడు వెనకాడతాడు, కప్పు మార్చుదామంటే ఇల్లే ఉంటుందో పోతుందో తెలియదు. ఎన్నికకో మాట చెప్పి జనాన్ని ఇన్నేళ్లు వేలాడదీసినా అడిగే నాథుడు లేడంటే, రేపు నాలుగో రన్‌వే విషయంలోనూ ఇదే నాటకం ఆడతారు. ఆ గీత ఇప్పుడున్న చోటే ఉంటుందన్న హామీకి పూచీ ఎవరిది?

2018లో ఎందుకు వద్దన్నారో, ఇప్పుడెందుకు సరేనంటున్నారో స్టార్మర్ హార్మండ్స్‌వర్త్ వెళ్లి, కూల్చబోయే ఇళ్లవాళ్ల ముందు నిలబడి చెప్పాలి. ఆ మాత్రం ధైర్యం లేని మనిషికి పావు వంతు ఎక్కువిస్తామని బేరమాడే అర్హత లేదు.