సింకు కింద కాపురమున్న ప్లైవుడ్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ప్లైవుడ్ గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది గానీ, సింకు గొట్టం కాస్త కారిన పాపానికి మూడు వానాకాలాలైనా నిండకుండానే తమరు అంచుల వెంట ఉబ్బి, పొరలు విడిచి, అలమర తలుపును మడతబందులతో సహా ఊడదీసుకున్నారు కనుక, కుశలం అడిగితే ఎత్తిపొడుపు అవుతుందేమోనని మానుకుంటున్నాను.

తమ పుట్టుకను నేను తక్కువ చేయడం లేదు. కర్ర నిలువునా దాదాపు కదలదు గానీ అడ్డంగా తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఆ చపలత్వాన్ని కట్టడి చేయడానికే పలుచని పొరలను ఒకదాని నారకు మరొకటి అడ్డంగా, బేసి సంఖ్యలో పేర్చి అతికిస్తారు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పున్న పలక వంకరపోకుండా నిలిచేది అందువల్లనే. అంత వెడల్పు పలక ఇచ్చే టేకు మానును నేనింతవరకు చూడలేదు. అయితే తెలివంతా పొరల అమరికలో ఉన్నా, పరువంతా జిగురు చేతిలో ఉంది. యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుతో అతికిన కమర్షియల్ రకం తేమను ఓర్చుకుంటుందే తప్ప నీళ్లలో నానడానికి పుట్టలేదు. ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురుతో, నీటిని తట్టుకునే ప్లైవుడ్‌కు పెట్టిన భారతీయ ప్రమాణం ఐఎస్ 710 ప్రకారం చేసిన రకమైతే 72 గంటలు నీళ్లలో ఉడికినా పొర విడవకూడదు. తమ వీపు మీది ముద్ర 710. నీట ముంచినా పాల ముంచినా ఆ అంకెదే భారమని నమ్మి, అడిగినంతా చెల్లించాను.

72 గంటలు గ్యాస్ మండించే స్తోమత లేక, అరచేతిలో పట్టేంత ముక్కను తమ పొడి మూల నుంచి కోసి, పాత గిన్నెలో నాలుగు గంటలు ఉడికించాను. మూత తీసేసరికి తాపేశ్వరం మడతకాజాలా విచ్చుకున్నారు. కాజా పొరల్లో కనీసం పాకమైనా ఉంటుంది.

మా తాతగారి ఇంటి టేకు తలుపు శ్రావణంలో బిగుసుకుని భుజంతో తోస్తే గానీ కదలదు, వేసవిలో మళ్లీ సందు ఇస్తుంది; తన గుణాన్ని ఏనాడూ దాచుకోలేదు. ద్వారబంధంలో చేవ పట్టని అంచును వేలెడు మేర తిన్న చెద, చేవ తగలగానే వెనుదిరిగింది. ఇటుక సంగతి ఇంకా విప్పి చెప్పినట్టుంటుంది. 24 గంటలు నానబెడితే మామూలు ఇటుక తన బరువులో అయిదో వంతు దాకా నీళ్లు తాగవచ్చని ఇటుకల భారతీయ ప్రమాణమే అనుమతిస్తోంది. అందుకే మేస్త్రీ గోడ కట్టేముందు దానికి కడుపునిండా తాగిస్తాడు, లేకుంటే మాలులోని నీటినంతా పీల్చేస్తుంది. తాగుతానని ముందే చెప్పి తాగేదానితో పేచీ ఏముంటుంది? పైగా రెండు ఇటుకలను ఒకదానికొకటి కొడితే బాగా కాలినవి ఖంగుమంటాయి. తమరిని ఎక్కడ తట్టినా, ఏ జిగురైనా, అదే టకటక.

ప్రస్తుతం అలమర అడుగు కుంగకుండా, ప్రహరీ కట్టగా మిగిలిన రెండు ఇటుకలను తమ కింద ఆసరాగా పెట్టాను. నిన్న గొట్టం మళ్లీ కారింది. అవి తాగాల్సింది తాగి, మోయాల్సింది మోస్తున్నాయి. ఆదివారం దుకాణానికి వెళుతున్నాను, ఉడికించిన ముక్కను సంచిలో వేసుకుని.

ఇట్లు,
తమ సింకు యజమాని