కనబడుటలేదు: .పీఆర్‌జే ఫైలు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ .పీఆర్‌జే ఫైలు గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మ్యాప్ సమాచారాన్ని మోసే షేప్‌ఫైల్ అనే ఫైళ్ళ కుటుంబంలో, అంకెలు ఏ కొలతలో ఉన్నాయో చెప్పే ఫైలు మీరు. మీ తోబుట్టువులు .ఎస్‌హెచ్‌పీ (ఆకారాలు), .ఎస్‌హెచ్‌ఎక్స్ (సూచిక), .డీబీఎఫ్ (వివరాల పట్టిక) ముగ్గురూ జిప్‌లో క్షేమంగా చేరారు. మీరే రాలేదు. గట్టిగా లెక్కపెడితే వెయ్యి అక్షరాలుండరు, మీకు జిప్‌లో చోటు చాల్లేదంటే ఎవరు నమ్ముతారు? షేప్‌ఫైల్ నియమాల ప్రకారం ఆ ముగ్గురూ తప్పనిసరి, మీరొస్తే వచ్చారు లేకపోతే లేదు. ఆ వెసులుబాటు చూసుకుని ఎన్నాళ్ళని ఎగ్గొడతారు? లోపలున్న అంకెలు డిగ్రీలా, మీటర్లా, అడుగులా, వాటిని ఏ డేటం (కొలతలకి ఆధారంగా పెట్టుకున్న భూమి నమూనా) మీద కొలిచారు అన్న సంగతి తెలిసింది మీ ఒక్కరికే.

మీరు లేని ఇంట్లో జరుగుతున్నది వినండి. క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్ మీరు లేని లేయర్ (మ్యాప్ పొర) పక్కన ఒక ప్రశ్నార్థకం పెడుతుంది. అది కనబడితే చెయ్యి ఊరుకోదు కదా. నొక్కడం, నోటికొచ్చిన 4326 (డబ్ల్యూజీఎస్84 డేటం మీద డిగ్రీల్లో అక్షాంశ రేఖాంశాలు చెప్పే పద్ధతి సంఖ్య) ఎంచడం, ప్రశ్నార్థకం మాయం, పనైపోయినట్టే! మంత్రాలకు చింతకాయలు రాలతాయా? లేబుల్ అతికించడం వేరు, అంకెల్ని మార్చడం వేరు. పోస్ట్‌జీఐఎస్ అనే మ్యాప్ డేటాబేస్‌లో మొదటిది ఎస్‌టీ_సెట్‌ఎస్‌ఆర్‌ఐడీ, రెండోది ఎస్‌టీ_ట్రాన్స్‌ఫార్మ్. మ్యాప్ ఫైళ్ళ రూపం మార్చే ఓజీఆర్‌టూఓజీఆర్‌లో -ఏ_ఎస్‌ఆర్‌ఎస్, -టీ_ఎస్‌ఆర్‌ఎస్. మరో మ్యాప్ సాఫ్ట్‌వేర్ ఆర్క్‌జీఐఎస్‌లో డిఫైన్ ప్రొజెక్షన్, ప్రాజెక్ట్. ఉన్న అంకెలేమిటో ముందు నిజం చెప్పాలి, ఆ తర్వాతే మార్చాలి. మొదట చెప్పింది అబద్ధమైతే, రెండో ఆజ్ఞ ఆ అబద్ధాన్ని ఎనిమిది దశాంశాల దాకా శ్రద్ధగా లెక్కగట్టి ఇస్తుంది.

ఒక్క చుక్క తీసుకుందాం. తూర్పు రేఖాంశం 10, ఉత్తర అక్షాంశం 50. ఉండాల్సింది జర్మనీలో. దీనికి 3857 (వెబ్ మ్యాపులు వాడే మీటర్ల పద్ధతి) అని లేబుల్ వేస్తే డిగ్రీలు కాస్తా మీటర్లైపోతాయి. చుక్క వెళ్ళి గినియా సింధుశాఖలో, సున్నా-సున్నాకి 51 మీటర్ల దూరంలో తేలుతుంది. అదొక్కటే కాదు, భూగోళం మొత్తం అక్కడే 360 మీటర్ల పొడవు, 180 మీటర్ల వెడల్పున్న జాగాలో సర్దుకుంటుంది. అదే చుక్క నిజంగా 3857లో ఉంటే అంకెలు 11,13,194.91, 64,46,275.84. వాటికి 4326 అంటిస్తే పదకొండు లక్షల డిగ్రీల రేఖాంశం! మ్యాప్ పాపం ఏం చూపిస్తుంది, తెల్లమొహం తప్ప? ఇక 10, 50 తారుమారైతే చుక్క సోమాలియాలో దిగుతుంది. ఏది ముందు రాయాలన్నది ఒక్కొక్కరిదీ ఒక్కో దారి: జియోజేసన్ అనే మ్యాప్ ఫైలు రూపంలో రేఖాంశం ముందు, వెబ్ మ్యాపుల లైబ్రరీ లీఫ్‌లెట్‌లో అక్షాంశం ముందు. సర్వర్ నుంచి మ్యాప్ బొమ్మలు తెప్పించే డబ్ల్యూఎంఎస్ మరీ ఘనుడు: అదే 4326కి 1.1.1 వెర్షన్‌లో రేఖాంశం ముందు, 1.3.0లో అక్షాంశం ముందు.

మీరు రాకపోయినా మీ ఆచూకీ తీయొచ్చు, తప్పే దారి చెబుతుంది. ఎక్స్ ఆరంకెలు, వై ఏడంకెలు ఉంటే యూటీఎం (భూమిని 6 డిగ్రీల జోన్లుగా కోసి మీటర్లలో కొలిచే పద్ధతి) మీద అనుమానపడాలి. సరిగ్గా 6 డిగ్రీలు పక్కకి జరిగితే జోన్ ఒకటి తప్పారు. తూర్పు-పడమరలు అచ్చుగుద్దినట్టు కలిసి, ఉత్తర-దక్షిణాలే కిలోమీటర్లలో తేడా వస్తే 3395 అనే మరో మీటర్ల పద్ధతిని 3857 అనుకున్నారు. మొదటిది దీర్ఘవృత్తాభంతో (కాస్త నొక్కిన గోళంతో) లెక్క, రెండోది గోళం సూత్రంతో. భూమధ్యరేఖ దగ్గర తేడా సున్నా, 45 డిగ్రీల దగ్గర నేల మీద సుమారు 21 కిలోమీటర్లు. వంద మీటర్ల లెక్కలో అంతా ఒకే వైపు జరిగితే డేటం మారలేదని. ఈ మార్పిడి లెక్కలు చేసే ప్రోజ్ లైబ్రరీకి కావాల్సిన గ్రిడ్ ఫైలు (ఎక్కడ ఎంత జరపాలో చెప్పే పట్టిక) దొరక్కపోతే చప్పుడు చేయకుండా ఉజ్జాయింపుతో సరిపెట్టే సందర్భాలున్నాయి, అదీ చూసుకోవాలి. ఆస్ట్రేలియాలో 1.8 మీటర్ల తేడా అయితే అక్కడి పాత, కొత్త డేటంలైన జీడీఏ94కీ జీడీఏ2020కీ మధ్య పేచీ.

ఇవేవీ చూడకుండా అక్షాంశానికి 0.0012 కలిపి, రోడ్డు మీద రోడ్డు కూర్చోగానే చేతులు దులుపుకునేవాళ్ళున్నారు. అది మరమ్మతు కాదు, నేరం దాచడం. మ్యాప్ అవతలి అంచుకి వెళ్తే అదే రోడ్డు చెరువులో ఉంటుంది. నాలుగు మూలల్లో తెలిసిన నాలుగు చుక్కలు పెట్టి చూస్తే, అన్నిచోట్లా తేడా ఒకటేనా, పోనుపోనూ పెరుగుతోందా అన్నది పది నిమిషాల్లో తేలుతుంది.

జియోజేసన్ ఇంట్లో అయితే మీ వంశం ఊసే ఎత్తొద్దన్నారు. 2016లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7946 అనే ప్రమాణపత్రం ప్రకారం అక్కడ డబ్ల్యూజీఎస్84 డిగ్రీలే చెల్లుతాయి. యూటీఎం అంకెల్ని మార్చకుండా అందులో పోసి పంపేవాళ్ళకి ఈ కబురు ఇంకా అందినట్టు లేదు.

చిత్తగించవలెను.

ఇట్లు,
మీ ప్రశ్నార్థకాన్ని రోజూ నొక్కేవాళ్ళు

తా.క.: వచ్చేటప్పుడు .సీపీజీ గారిని కూడా వెంటబెట్టుకు రండి. ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని ఏ సంకేతాల్లో దాచారో) చెప్పే దిక్కులేక .డీబీఎఫ్‌లో తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలై కూర్చున్నాయి.