రాయడం తప్ప అన్నీ జరిగిన రివిజన్ క్లాసు

ఇప్పుడే కావలిలో మా అక్క వాళ్లింటి నుంచి వస్తున్నా. ఒళ్లు మండిపోతోంది. టైపింగ్‌లో తప్పులుంటే సర్దుకోండి.

మా మేనకోడలికి ఎల్లుండి ఇంగ్లీషు సెమిస్టర్ పరీక్ష. డిగ్రీ ఫస్టియర్. పేరాగ్రాఫు, లెటరు, ప్రెసీ, ఎస్సే... పేపరంతా రాతే. దానికోసం ఆదివారమైనా సరే రమ్మని కాలేజీలో స్పెషల్ రివిజన్ పెట్టారట. పర్లేదే, పిల్లల కోసం ఆదివారం కూడా వచ్చే సార్లు ఉన్నారే అని సంతోషపడ్డా. "ఏం చెప్పారమ్మా?" అని అడిగితే ఫోన్ చేతికిచ్చింది. గ్రూపులో ఒక పీడీఎఫ్. దాని పేరు "మోస్ట్ మోస్ట్ ఇంపార్టెంట్". ఒక్క మోస్ట్ సరిపోలేదన్నమాట!

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా సారు దాన్ని చదివారు, పిల్లలు అండర్‌లైన్ చేసుకున్నారు. మధ్యలో టీ. అయిపోయింది. అంత పెద్ద క్లాసులో ఒక్కళ్లు పెన్ను తీసి సొంతంగా ఒక్క వాక్యం రాసిన పాపాన పోలేదు. చేపల పులుసు చేయడం నేర్పండయ్యా అంటే హోటల్ నుంచి పార్సిల్ తెచ్చి మూత తీసి వాసన చూపించి పంపించినట్టుంది.

ఆ పీడీఎఫ్‌లో ఏముందో తెలుసా? సోషల్ మీడియా లాభనష్టాలు, గ్లోబల్ వార్మింగ్, మహిళా సాధికారత, యువత పాత్ర. మనం చదివినప్పుడు ఉన్నవే, సోషల్ మీడియా ఒక్కటి కొత్తగా చేరింది. ప్రతి ఎస్సే "ఇన్ దిస్ మోడర్న్ వరల్డ్" అనే మొదలవుతుంది, "టు కన్‌క్లూడ్" అనే ముగుస్తుంది. నడుమ కలాం గారు ఎప్పుడన్నారో, ఎక్కడన్నారో ఎవరికీ తెలియని ఒక కొటేషన్. పాపం ఆయన పేరు మీద ఎన్ని అప్పులు రాసేశారో.

వీటన్నిటినీ క్షమిస్తా. నన్ను మంట పెట్టింది పేరాగ్రాఫు. "నేను మర్చిపోలేని రాత్రి" అని ఒక టాపిక్. దానికి మోడల్ ఆన్సర్: ఫ్రెండ్స్‌తో హిల్ స్టేషన్‌కి వెళ్లడం, వాన పడటం, కారు ఆగిపోవడం, ఎవరో ముసలాయన గుడిసెలో చలిమంట వేసి కాపాడటం. ఇది బట్టీ కొట్టాలట! అంటే ఎల్లుండి క్లాసు క్లాసంతా ఒకే రాత్రి, ఒకే కొండ మీద, ఒకే వానలో, ఒకే ముసలాయన గుడిసెలో దూరతారు. ఎంత పెద్ద గుడిసె అయ్యా అది? వీళ్లలో సగం మంది ఊటీ మొహం చూసినవాళ్లు కాదు. పేపర్ దిద్దేవాడికైనా అనుమానం రాదా?

రాదు. అదీ మన గొప్ప.

ఈ పిల్లకి నిజంగా మర్చిపోలేని రాత్రి ఉంది. అక్క వాళ్లకి అల్లూరు దగ్గర రొయ్యల గుంటలు. మొన్న వేసవిలో ఒక రాత్రి కరెంటు పోయింది, జనరేటర్‌లో డీజిల్ లేదు, నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయాయి. రొయ్యలు పెంచేవాళ్లకి తెలుసు, తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అట్టడుక్కి పోతుంది. రొయ్యలన్నీ పైకి తేలి గట్టు వారకి వచ్చేశాయి. వాళ్ల నాన్న మొలలోతు నీళ్లలో దిగి ఆక్సిజన్ బిళ్లలు చల్లుతుంటే ఈ పిల్ల గట్టు మీద టార్చి పట్టుకుని నిలబడింది. అది రాయమన్నా. "అట్టాంటివి రాయొచ్చా మామా?" అంది. పిల్లల్ని ఎంత భయపెట్టి పెట్టారో చూడండి. సొంత బతుకు రాసుకోవడానికి పర్మిషన్ అడుగుతోంది.

రాసింది. తప్పులున్నాయి, ఎందుకుండవు? కరెంటు పోయింది పాస్ట్ టెన్స్‌లో, రొయ్యలు తేలింది ప్రెజెంట్‌లో. "ద" ఉండాల్సిన చోట లేదు, వద్దన్న చోట ఉంది. మన తెలుగులో అట్టాంటిది లేదు కాబట్టి మనందరికీ వచ్చే జబ్బే అది. మూడు వాక్యాలని ఫుల్‌స్టాప్ లేకుండా కామాలతో కుట్టేసింది. పక్కన కూర్చుని ఒక గంట చూపిస్తే పోయే తప్పులు ఇవి. కానీ టార్చి వెలుగులో రొయ్యల కళ్లు ఎర్రగా మెరవడం గురించి ఒక వాక్యం రాసింది చూడండి, ఆ పీడీఎఫ్ మొత్తం దాని ముందు దిగదుడుపు.

రివిజన్ అంటే ఇది కదా చేయాల్సింది? ఇంటర్నల్ పరీక్షలో ఎవరి పేపర్ వాళ్లకిచ్చి, నువ్వు మళ్లీ మళ్లీ చేసే తప్పు ఇదమ్మా అని చూపించడం. రాసే ముందు రెండు నిమిషాలు పాయింట్లు గీసుకోమనడం. ఒక పేరాలో ఒకే సంగతి నడపమనడం. ప్రెసీ అంటే ఇచ్చినదాంట్లో మూడో వంతుకి కుదించాలి, సొంత మాటల్లో కుదించాలి, అక్కడక్కడా వాక్యాలు ఎత్తి అతికించడం కాదని ఒక్కసారైనా చేయించడం. చివర్లో పది నిమిషాలు ఉంచుకుని రాసింది చదువుకోమనడం. దీనికి పీడీఎఫ్ అక్కర్లేదు, ఎర్ర పెన్ను చాలు. కానీ ఎర్ర పెన్ను పట్టాలంటే పిల్లలు రాసింది చదవాలి. అదీ అసలు కష్టం.

ఆ పేరా ఫోటో తీసి సారుకి పంపిస్తే వచ్చిన జవాబు: "ఇలాంటివి వద్దమ్మా, పీడీఎఫ్‌లో ఉన్నదే రాయి. రిస్క్ తీసుకోకు." పక్కన బొటనవేలు బొమ్మ. రిస్కట! రాత్రంతా గుంట గట్టు మీద నిలబడ్డ పిల్లకి రిస్క్ గురించి చెప్తున్నారు.

విరాటపర్వం నుంచి స్వర్గారోహణం దాకా 15 పర్వాలు తెలుగులో రాసిన తిక్కన మా నెల్లూరోడేనని స్టేజీలెక్కి చెప్పుకుంటాం. ఆయనే ఇప్పుడు ఈ కాలేజీలో చేరితే "అంత రిస్క్ ఎందుకు సోమయాజీ, పీడీఎఫ్ చూసుకో" అనేవాళ్లు.

అయినా ఆ ఒక్క సారుని అని ఏం లాభం? ఈ పిల్ల పదో తరగతి తర్వాత సొంతంగా ఏ భాషలోనూ నాలుగు లైన్లు రాయలేదు. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం. ఎందుకూ? మార్కులొస్తాయని. వందకి తొంభై తొమ్మిది వచ్చాయి. సంస్కృతంలో "నాకు దాహంగా ఉంది" అనమనండి చూద్దాం. తెలుగు తీసేశారు, ఇంగ్లీషు క్లాసుని లెక్కలకిచ్చేశారు, రెండేళ్లు ఎంసెట్ అని రుద్దారు. చివరికి ఆ ర్యాంకూ రాలేదు, ఈ రాతా రాలేదు. తెలుగు తీసుకోనివ్వండి, ఇంటి దగ్గర ఉండి చదువుకోనివ్వండి అని నేను ఆ రోజే మొత్తుకున్నా. మా బావ వింటేనా? నెల్లూరు హాస్టల్‌లో వేస్తేనే చదువు, లేకపోతే కాదు. పక్కింటి వాళ్లబ్బాయిని వేశారు కాబట్టి మనమూ వేయాలి. ఆ ఫీజు కోసం అక్క గాజులు బ్యాంకులో పెట్టారు, అవి బయటికొచ్చాయో లేదో నేనడగను.

ఇంటికొచ్చి చెప్పులు విప్పానో లేదో బావ ఫోన్. "ఏందిరా, పిల్లకి రొయ్యల కథలు చెప్పి చెడగొడుతున్నావంట? పీడీఎఫ్ చదువుకోనీ" అని క్లాసు పీకాడు. చెడగొట్టేది నేనంట!

బావా, నువ్వు ఈ పోస్టు ఎటూ చూస్తావు. ఆ రాత్రి అల్లూరు దాకా బైకు మీద డీజిల్ క్యాన్లు తెచ్చి పోసింది నేనే. ఆ డబ్బులు ఇంకా ఇవ్వలేదు. పిల్ల పరీక్ష అయ్యాక మాట్లాడదాం.