మా కాంప్లెక్సు గొలుసుకట్టు చెరువులు

ఒక చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు, అదీ నిండితే దాని కిందిదానికి చేరేలా కాకతీయులు ఈ నేల మీద గొలుసుకట్టు చెరువులు కట్టించారని మనమంతా బడిలో చదువుకున్నాం. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులకు దాదాపు ఎనిమిది శతాబ్దాలు నిండినా అవి ఇంకా పొలాలకు నీళ్లిస్తూనే ఉన్నాయి. ఆ విద్య అంతరించిపోయిందని బాధపడే పెద్దలు ఒకసారి హనుమకొండ నక్కలగుట్ట వైపు, నా ఆఫీసున్న అయిదంతస్తుల కాంప్లెక్సు వెనక సందులోకి దయచేయవలసిందిగా మనవి. అక్కడ నాలుగో అంతస్తు ఏసీ గొట్టం నుంచి కారే నీరు మూడో అంతస్తు అవుట్‌డోర్ యూనిట్ నెత్తిన పడుతుంది. అక్కడ అలుగు పారి రెండో అంతస్తు సజ్జ మీద మడుగు కడుతుంది. సజ్జ నిండాక డయాగ్నొస్టిక్ సెంటరు బోర్డు మీదుగా జారి, చాయ్ బండి మీద కట్టిన నీలం పరదా పొట్టలో చేరుతుంది. బండాయన గంటకోసారి కర్రతో పరదాను కిందినుంచి పొడిచి తూము ఎత్తుతాడు. అప్పుడా నీరంతా వరుసగా నిలిపిన స్కూటర్ల సీట్లను తడిపి చివరికి మోరీలో కలుస్తుంది. అలుగుంది, తూముంది, ఆయకట్టు కూడా ఉంది. ఆయకట్టు కింద సాగవుతున్నది రెండో అంతస్తు గోడ పగులులో మొలిచిన ఒక రావి మొక్క. ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్లు పోయకుండా మా కాంప్లెక్సులో బతుకుతున్న పచ్చదనం అదొక్కటే.

ఇంతటి ప్రాచీన వ్యవస్థను భగ్నం చేసే ప్రయత్నం ఒకటి గత ఆగస్టులో జరిగింది. మూలకారకుడు మా వాచ్‌మన్. అతను మొదటి అంతస్తు గొట్టం కింద ఇరవై లీటర్ల ఖాళీ పెయింటు బకెట్టు పెట్టి, ఆ నీటితో మెట్లు తుడుస్తూ పట్టుబడ్డాడు. సెక్రటరీ గారు నిలదీస్తే, "నీళ్లు ఊకెనే మోరీల పోతున్నయి గద సార్, బకీటు పెట్టిన" అని ఏమాత్రం పశ్చాత్తాపం లేకుండా ఒప్పుకున్నాడు. పొద్దున పదికి పెట్టిన బకెట్టు రాత్రి ఎనిమిదికల్లా ముప్పావు వంతు నిండుతోందని కూడా చెప్పాడు. నేను నోరు మూసుకుని ఉంటే అక్కడితో పోయేది. కానీ లెక్కలంటే నాకున్న బలహీనత వల్ల, గొట్టానికి పదిహేను లీటర్ల చొప్పున నలభై ఏసీలకు ఆరు వందల లీటర్లు, అంటే రోజుకు వంద ఫ్లష్షులు అని బయటికి అనేశాను. ఆ మాటతో నన్నూ కుట్రలో రెండో ముద్దాయిగా చేర్చారు.

ఈ నీరు ఎక్కడి నుంచి వస్తుందో తెలియనివారి కోసం రెండు మాటలు. చల్లటి నీళ్ల చెంబుకు బయట చెమట పట్టినట్టే, ఏసీ లోపలి చల్లటి కాయిల్‌కు గదిలోని గాలి తగిలి చెమట పడుతుంది. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి దాదాపు 30 గ్రాముల తేమను మోయగలదు. అదే గాలిని 13 డిగ్రీలకు దించితే 11 గ్రాములకు మించి మోయలేక మిగతాది కింద పెట్టేస్తుంది. అలా ఒక లీటరు నీటిని గాలి చేత కింద పెట్టించడానికి యంత్రం పావు యూనిట్ దాకా కరెంటు కాలుస్తుంది. మీటరు తిప్పి, లీటరు లీటరుగా గాలి నుంచి పిండిన నీటిని స్కూటరు సీటు మీద పోసే స్తోమత పూర్వం రాజులకు కూడా ఉండేది కాదు.

విషయం తీవ్రమైనది కనుక ఆదివారం యజమానుల సంఘం సమావేశమైంది. గదిలో ఏసీని 18 దగ్గర పెట్టారు. గది ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా ఉండాలని 2020 జనవరి నుంచి నిబంధన అమల్లో ఉన్నప్పటికీ, ఆ తరువాత రిమోట్‌ను ఎంతకు దించుకోవాలన్నది పౌరుడి ఇష్టానికే వదిలారు. కిటికీ అవతల గొట్టం ధారగా కారుతుండగా నీటి పొదుపుపై చర్చ మొదలైంది.

ముందుగా శుద్ధత ప్రస్తావనకు వచ్చింది. ఆ నీళ్లు తాగితే రోగాలొస్తాయని నాలుగో అంతస్తు దంతవైద్యులు హెచ్చరించారు. తాగుదామని ఎవరూ అనలేదు గాని, హెచ్చరిక మాత్రం నిజమే. ఆవిరి నుంచి పుట్టిన నీరు కనుక దానిలో ఉప్పులుండవు, కానీ కాయిల్ మీది దుమ్ము, కాస్తో కూస్తో రాగి, ట్రేలో పట్టిన పాకుడు వెంట వస్తాయి. రోజుల తరబడి నిల్వ ఉంచితే ఊపిరితిత్తులకు సోకే లెజియొనెల్లా వంటి బ్యాక్టీరియా చేరవచ్చు. అందుచేత తాగకూడదు, శుద్ధి చేయకుండా తుంపరలుగా చిమ్మకూడదు. మరుగుదొడ్డికీ మెట్లకూ వీటితో పేచీ లేదు. అయినా మా మరుగుదొడ్ల ఆరోగ్యం విషయంలో రాజీ పడరాదని, వాటికి టాంకరు నీళ్లే పోయాలని సభ ఏకగ్రీవంగా భావించింది.

యాజమాన్యం సంగతి తేలడం అంత సులువు కాలేదు. నాలుగో అంతస్తు నీరు మూడో అంతస్తు యూనిట్ మీద పడినప్పుడు అది ఎవరిది? ఎగువ వారు తమ కరెంటుతో తయారైన నీరన్నారు. దిగువన ఉన్న మొబైల్ షాపాయన, ఇన్నేళ్లుగా ఆ నీరు తన బోర్డు మీదే పడుతోంది కనుక తనకు అనుభవ హక్కు సంక్రమించిందన్నారు. 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ గోదావరి జలాలపై 1980లో తీర్పు ఇచ్చిందని, మనమూ తొందరపడనవసరం లేదని ఒక పెద్దమనిషి గుర్తు చేయడంతో అందరి మనసులూ కుదుటపడ్డాయి. గొట్టాల ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న వచ్చేసరికి మాత్రం ఆ నీటిపై తమకు ఏ హక్కూ లేదని ఎగువ, దిగువ వారు ఒక్కమాట మీద నిలబడ్డారు.

ఇంకో అభ్యంతరానికి నా దగ్గర జవాబు లేకపోయింది. నీటికి కటకటలాడే మే నెలలో వరంగల్ గాలి పొడిగా ఉంటుంది, గొట్టాలు బద్ధకంగా కారుతాయి. భద్రకాళి చెరువు నిండే వానాకాలంలో అవి ఉరకలేస్తాయి. ఈ మాట నిజం. వాన నీటికీ ఇదే గుణం ఉంది గనుక 2002లో నీరు, నేల, చెట్ల రక్షణకు వాల్టా చట్టం తెచ్చి ఇంకుడు గుంతలు తవ్వమన్నారని నేను అనబోయి ఆగాను. మా కాంప్లెక్సు ఇంకుడు గుంత ప్లానులో చాలా చక్కగా ఉంది. నేల మీద ఆ స్థలంలో జనరేటరు ఉంది.

మాది స్ప్లిట్ ఏసీల కుటీర పరిశ్రమ. అసలు వైభవం పెద్ద ఆసుపత్రులలో, మాళ్లలో చూడాలి. అక్కడ భవనమంతటినీ చల్లబరిచే పెద్ద యంత్రాన్ని చిల్లరు అంటారు గాని దాని ఖర్చు చిల్లర కాదు. వంద టన్నుల చల్లబరిచే సామర్థ్యమున్న ప్లాంటు పూర్తిగా నడుస్తూ, దాని శక్తిలో నాలుగో వంతు తేమ తీయడానికే పోతే గంటకు 130 లీటర్ల నీరు దిగుతుంది. అదే సమయంలో ఆ యంత్రం వేడిని బయటికి వదిలే మేడ మీది కూలింగ్ టవరు గంటకు ఆరు వందల లీటర్లకు పైగా ఆవిరి చేసి, ఆ లోటుకు బోరు నీళ్లు అడుగుతుంది. ఆ బోరు నీటిలోని సున్నం లోపల సుద్దలా పేరుకుంటుంది. పేరుకున్నదాన్ని వదిలించడానికి రసాయనాలు కొంటారు, చిక్కబడ్డ నీటిని తరచూ పారబోస్తారు. సున్నం లేని చల్లటి నీరు కింది అంతస్తులో మోరీలోకి పోతుంటే, సున్నమున్న నీటిని మోటారు పెట్టి మేడ మీదికి ఎక్కిస్తారు. ఈ రెండు గొట్టాలూ ఒకదాన్నొకటి కలుసుకోకుండా అన్ని అంతస్తులలో జాగ్రత్త పడిన ప్లంబరును సన్మానించవలసిందే. అమెరికాలోని శాన్ ఆంటోనియోలో పెద్ద ఏసీలు పెట్టే కొత్త వాణిజ్య భవనాలకు ఈ నీటిని విడిగా పట్టే గొట్టం తప్పనిసరి చేశారు. దుబాయిలోని బుర్జ్ ఖలీఫాలో ఏటా దాదాపు కోటిన్నర గ్యాలన్లు పట్టి మొక్కలకు పోస్తున్నారు. పాపం, వాళ్లకు గొలుసుకట్టు తెలియదు.

చివరికి సభ ఉపసంఘాన్ని నియమించింది, వాచ్‌మన్ బకెట్టు భవన సౌందర్యానికి భంగకరమని తీర్మానించింది. మేము మెట్లు దిగేసరికి, వారానికి రెండుసార్లు వచ్చే అయిదు వేల లీటర్ల టాంకరు సంపులోకి గొట్టం వేసి ఉంది. డ్రైవరు బానెట్ ఎత్తి రేడియేటరు మూత విప్పుతున్నాడు. వెనక ట్యాంకులో అంత నీరు పెట్టుకుని అతను వాచ్‌మన్‌ను పిలిచి బకెట్టు అడిగాడు. నీ టాంకరులో నీళ్లున్నాయి కదా అంటే నా వంక వింతగా చూశాడు.

"అది బోరు నీళ్లు సార్, సుద్ద కడ్తది, ఇంజను ఖరాబైతది. కాకా, ఆ ఏసీ నీళ్లు గిట్ల పట్టుకరా."