హస్తవాసి ఢిల్లీ దాకా పనిచేస్తుందా?

మొదట పసిగట్టింది రైతులే. పొదిలి, దర్శి వైపు అరక దున్నే ఎద్దులు వయసులో ఉండగానే కాళ్లు బిగుసుకుపోయి కదల్లేకపోయేవి. తర్వాత మనుషుల వంతు వచ్చింది. నీళ్లలోని ఫ్లోరైడే కారణమని 1937లో డాక్టర్లు రాశారు. మన దేశంలో మనుషులకు ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్‌తో ఎముకలు బిగుసుకుపోయే జబ్బు, వస్తోందని చెప్పిన తొలి నివేదిక అదే. అప్పటికి ఆ ఊళ్లు నెల్లూరు జిల్లావి. 1970లో కొత్త జిల్లా వచ్చింది, తర్వాత ప్రకాశం అని పేరు పెట్టుకున్నాం. బోరు నీళ్లు మాత్రం అవే.

డాక్టర్లకు రాజకీయాలెందుకని ఎవరన్నా అంటే నాకు కనిగిరి గుర్తొస్తుంది. అదీ ఈ ఫ్లోరైడ్ నీళ్ల ఊరే. అక్కడ ప్రాక్టీసు పెట్టిన డాక్టరు ఎంత హస్తవాసి ఉన్నవాడైనా, నడుము వంగని మనిషికి నొప్పుల బిళ్లలు రాస్తాడు, ఆ నీళ్లు తాగొద్దంటాడు. ‘మరి ఏ నీళ్లు తాగమంటారయ్యా?’ అంటే మందుచీటీ మీద రాసేదేమీ లేదు. ఒకసారి బిగుసుకున్న ఎముక మళ్లీ మామూలు కాదు. రావాల్సింది కృష్ణా నీళ్లు. నల్లమల కొండను దాదాపు 19 కిలోమీటర్లు తొలిచి తేవాలి. అందుకోసమే పెట్టిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. 2024లో సొరంగాలను జాతికి అంకితం చేసేశారు, అప్పటికి నిర్వాసితుల పరిహారమే పూర్తి కాలేదు. రాష్ట్ర విభజన చట్టం పదకొండో షెడ్యూలులో పేరున్న ఈ ప్రాజెక్టు, నదుల ప్రాజెక్టుల మీద 2021లో కేంద్రం ఇచ్చిన గెజిట్‌లో అనుమతి ఉన్నవాటి సరసన లేదని జిల్లా అంతా గగ్గోలు పెట్టింది. అంటే ఈ జబ్బు కాగితాలు ఢిల్లీలో ఉన్నాయి. ఎంపీకి ఏటా వచ్చే 5 కోట్ల నిధులతో ఆర్వో ప్లాంట్లు పెట్టించొచ్చు గానీ కొండ తొలవలేం.

రాజకీయాల్లోకి వెళ్లిన డాక్టర్లు లేకపోలేదు. బందరులో ప్రాక్టీసు వదిలేసిన పట్టాభి సీతారామయ్య 1948లో కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. పులివెందులలో రూపాయి డాక్టరుగా పేరున్న వైఎస్ 1978లో ఎమ్మెల్యే, 1989లో ఎంపీ, 2004లో ముఖ్యమంత్రి అయ్యారు. 2007లో ఆయన తెచ్చిన ఆరోగ్యశ్రీ ముమ్మాటికీ డాక్టరుకు తట్టే ఆలోచన. బిల్లు కట్టలేక పేషెంటును ఇంటికి తీసుకుపోయేవాళ్లను చూసినవాడికే అది తెలుస్తుంది. కానీ అదీ ఆసుపత్రి గుమ్మం దగ్గర మొదలయ్యే ఆలోచనే. జబ్బు ఆపరేషన్ దాకా వచ్చాక డబ్బిస్తుంది. ఫ్లోరోసిస్‌కు ఆ లెక్క సరిపోదు.

ఇక టికెట్ సంగతి. లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 95 లక్షలు. నెల్లూరులోనో ఒంగోలులోనో ఈ మాట చెబితే టీకొట్టు దగ్గర నవ్వుతారు. 2024లో గుంటూరు నుంచి గెలిచి కేంద్ర సహాయమంత్రి అయిన డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ అఫిడవిట్‌లో వేల కోట్ల ఆస్తి చూపించారు. అది ఆయన వ్యాపారంలో సంపాదించుకున్నదే, తప్పు పట్టడం లేదు. కానీ పొదిలిలో రోజుకు వంద ఓపీలు చూసే డాక్టరుకు ఆ దారి లేదు. ఫ్లోరైడ్ గురించి తెలిసింది మాత్రం ఆయనకే! ఢిల్లీ దాకా వెళ్లగలిగేది ఎక్కువగా ఆసుపత్రి యజమానులు. పేరు ముందు ‘డాక్టర్’ ఫ్లెక్సీ మీద బాగానే కనపడుతుంది.

నెల్లూరు జిల్లా అలగానిపాడులో ఒకే ఇంట్లో రెండు దారులు కనిపిస్తాయి. అన్న, కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య 1952లో రాజ్యసభకు వెళ్లారు. తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి నెల్లూరులో ప్రజావైద్యశాల నడిపారు, పల్లెల కుర్రాళ్లకు వైద్యం నేర్పి తిరిగి ఊళ్లకు పంపారు. తమ్ముడికీ రాజకీయం ఉంది, చట్టసభ కుర్చీ మాత్రం లేదు. చాలా ఏళ్లు నేను తమ్ముడి దారే గొప్పదనుకున్నాను. కనిగిరి వైపు పడమటి ఊళ్లలో ట్యాంకర్ కోసం బిందెలు వరసగా పెట్టి కూర్చున్న ఆడవాళ్లను చూశాక అంత గట్టిగా అనలేకపోతున్నాను. వాళ్లకు వైద్యశాల ఒక్కటే చాలదు.