శాలువాలు చాలు, ఒక పుస్తకాల కొట్టు పెట్టించండి

చెన్నైలో తెలుగువారికి సంఘాలకు కొదవ లేదు. ఉగాదికి పంచాంగ శ్రవణం ఉంటుంది, సన్మానాలుంటాయి, మదరాసు చేజారిపోయిందన్న నిట్టూర్పులు ఏటేటా తప్పకుండా ఉంటాయి. ఒక సాయంత్రం తీరికగా వెళ్ళి, కొత్తగా వచ్చిన తెలుగు కథల సంపుటిని చేతిలోకి తీసుకుని, నాలుగు పేజీలు తిరగేసి, నచ్చితే కొనుక్కోగల కొట్టు కోసం మాత్రం ఊరంతా వెతుక్కోవలసి వస్తోంది. సభలో పక్క కుర్చీలో మూడు గంటలు కూర్చున్న మనిషి ఏం చదువుతాడో మనకు తెలియదు. పుస్తకాల కొట్టులో మూడు నిమిషాలు పక్కన నిలబడితే తెలిసిపోతుంది. మనవాళ్ళను ఒకరికొకరిని పరిచయం చేసే పని సభల వల్ల కావడం లేదన్నదే నా ఫిర్యాదు.

ఆ మధ్య ఒక ఉగాది వేడుకకు వెళితే, పుస్తకాల బల్లను చెప్పులు విడిచే చోట వేశారు. ముఖ్య అతిథికి బహూకరించిన పుస్తకం, చుట్టిన రంగు కాగితం కూడా విప్పకుండానే, సభ ముగిశాక ఆయన కుర్చీలోనే మిగిలిపోయింది. శాలువాను మాత్రం కారు దాకా జాగ్రత్తగా మోసుకెళ్ళారు.

ఇదే ఊళ్ళో వావిళ్ళ వారు 1854లో అచ్చుకూటం పెట్టారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు బొంబాయిలో మొదలుపెట్టిన ఆంధ్రపత్రికను 1914లో ఇక్కడికి తెచ్చి దినపత్రికగా నడిపారు, 1926లో ఆంధ్ర గ్రంథమాలను స్థాపించారు. మైలాపూరు లజ్ దగ్గర ఆయన పేరు మీదున్న పార్కులో పొద్దున్నే నడిచేవారిలో ఎంతమందికి ఆ సంగతి తెలుసో గాని, అది వేరే కథ. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరి ఆస్థానంలో కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనాన్ని, నంజనగూడులో పుట్టి మదరాసులో స్థిరపడిన గాయని బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించగా, 1910లో వావిళ్ళ వారు అచ్చు వేశారు. ప్రభుత్వం అశ్లీలమని నిషేధించిన ఆ కావ్యానికి ప్రకాశం పంతులు గారి చలవతో విముక్తి కలిగింది. శతాబ్దానికి పైగా ఎడమున్న ఇద్దరు స్త్రీలను ఒకే అట్ట కింద కలిపినది పుస్తకాల వ్యాపారమే. సాంస్కృతిక సంఘమేదీ తీర్మానం చేయలేదు.

పెద్దల మాట అలా ఉంచి, చిన్న వ్యాపారుల సంగతి చెబుతాను. సెంట్రల్ స్టేషన్ పక్కన 1900లో తెరిచిన మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. ఇప్పుడక్కడ లోకల్ రైళ్ళ స్టేషన్ ఉంది, రైల్వే వారి లెక్కల్లో మూర్ మార్కెట్ పేరు ఇంకా బతికే ఉంది. నేను కాలేజీలో చదివే రోజుల్లో అక్కడ పాత పుస్తకాలు అమ్మే ఒకాయన దగ్గరికి వెళ్ళేవాణ్ణి. ఆయన తమిళుడు, తెలుగు అక్షరం రాదు. అయినా తెలుగు పుస్తకాలన్నిటినీ విడిగా పురికొసతో కట్టి, బల్ల కింద దాచి ఉంచేవాడు. ఒకసారి భారతి సాహిత్య పత్రిక పాత సంచికల కట్ట ఒకటి వచ్చింది. బేరం మొదలుపెట్టగానే ఆయన, "రాయపేట సార్ కూడా ఇదే అడిగినారు సార్. చెరి సగం తీసుకోండి, చదివి మార్చుకోండి" అని, బిల్లు కాగితం వెనక ఆ పెద్దమనిషి చిరునామా చూపించాడు. మా ఇద్దరినీ పోటీ పెట్టి ధర పెంచుకోగలిగీ ఆ పని చేయలేదు. ఇద్దరు మళ్ళీ మళ్ళీ వస్తారన్న లెక్క కూడా అందులో ఉండే ఉంటుంది, ఉండనివ్వండి. ఆ రాయపేట సారు తరువాత మా ఇంట్లో మనిషిలా అయిపోయారు.

ఇప్పుడు ఫోనులో ఆర్డరు పెడితే పుస్తకం ఇంటికి వస్తుంది, కాదనను. అదే పుస్తకాన్ని మా వీధి చివరి ఇంట్లో మరొకరు తెప్పించుకున్నా ఆ సంగతి నాకు చెప్పే మనిషి ఉండడు. పైగా తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబరులో ఎత్తివేసినప్పుడు, ఒక్క పుస్తకాన్ని పంపాలన్నా చిన్న ప్రచురణకర్తలకు తపాలా ఖర్చే గుదిబండ అయింది.

"చదివేవాళ్ళు ఏరండీ?" అని సంఘాల పెద్దలు అడుగుతారు. 2006 నాటి చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యాక మన పిల్లలకు తెలుగు రాయడం, చదవడం తగ్గిన మాట నిజమే. కానీ ప్రతి జనవరిలోనూ విజయవాడ పుస్తక మహోత్సవం కోసం పినాకిని రైల్లో ఏడు గంటలు ప్రయాణం చేసి, సంచి నిండా పుస్తకాలతో తిరిగివచ్చే వారిని ఇక్కడ నేనెరుగుదును. చిక్కు ఏమిటంటే, 1977 నుంచీ జరుగుతున్న చెన్నై పుస్తక ప్రదర్శన కూడా దాదాపు ఆ రోజుల్లోనే వస్తుంది. మన ప్రచురణకర్తల సరుకూ మనుషులూ అప్పటికి విజయవాడలో ఉంటారు. లాభం వస్తుందో రాదో తెలియని పొరుగు రాష్ట్రానికి రాలేదని వారిని తప్పుపట్టలేము.

కాబట్టి ఆ పని సంఘాలే చేయాలి. వచ్చే ఉగాదికి ఇచ్చే శాలువాల్లో సగం మానేసి, ఆ డబ్బుతో ప్రదర్శనలో ఒక స్టాలు అద్దెకు తీసుకోండి. అమ్ముడుపోనివి వాపసు తీసుకునే షరతు మీద ప్రచురణకర్తల దగ్గర పుస్తకాలు తెప్పించండి. ప్రదర్శన ముగిశాక మిగిలిన పుస్తకాలతో సంఘం కార్యాలయంలోనే వారానికి రెండు సాయంత్రాలు కొట్టు తెరవండి. గల్లాపెట్టె దగ్గర మాత్రం కార్యదర్శిగారి బావమరిదిని కాకుండా, చదివే అలవాటున్న మనిషిని కూర్చోబెట్టి, ఎవరు ఏది అడిగారో రాసిపెట్టుకోమని చెప్పండి. మొదటి నెల పుస్తకాలు మోయడానికి నేను వస్తాను.